వ్రొత్స్వాఫ్ మేత్రాసనం 1000లో పుట్టిందా, 1972లోనా?

ప్రశ్న: పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్ కథోలిక మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం) వెయ్యేళ్ల నాటిదని ఒకచోట, 1972లో ఏర్పడిందని ఇంకోచోట చదివాను. ఏది సరైనది?

పుట్టింది 1000లోనే. 1972లో వాటికన్ దాన్ని కాగితం మీద జర్మనీ నుంచి విడదీసి పోలండ్‌కి ఇచ్చింది. ఊరు పోలండ్ చేతికొచ్చింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడాక, 1945లో. ఈ 27 ఏళ్ల తేడా ఎందుకొచ్చిందన్నదే అసలు కథ.

ఉద్యోగం వల్ల కొన్నేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. మాది గుంటూరు మేత్రాసనం. 1940లో నెల్లూరు నుంచి వేరుపడింది. మన దగ్గర విశ్వాసులు, విచారణలు (ఒక్కో ఫాదర్ చూసుకునే స్థానిక చర్చి విభాగాలు) పెరిగితే కొత్త మేత్రాసనం వస్తుంది, అంతే. ఇక్కడ గీత మారాలంటే ముందు రెండు దేశాలు సంతకాలు పెట్టాలి.

1000లో చక్రవర్తి మూడో ఓట్టో గ్నియెజ్నోకి వచ్చి పోలండ్ పాలకుడు బొలెస్వాఫ్‌ను కలిసినప్పుడు గ్నియెజ్నో అగ్రపీఠం (ఆర్చిబిషప్ ఉండే పెద్ద మేత్రాసనం), దాని కింద క్రాకోవ్, కొవోబ్జెగ్, వ్రొత్స్వాఫ్ మేత్రాసనాలు ఏర్పడ్డాయి. 14వ శతాబ్దంలో వ్రొత్స్వాఫ్ ఉన్న సైలీషియా ప్రాంతం బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) రాజుల చేతికి పోయింది. తర్వాత ఆస్ట్రియా రాజవంశం హాబ్స్‌బర్గ్‌లు, 1742లో జర్మన్ రాజ్యం ప్రష్యా. జెండాలు ఇన్నిసార్లు మారినా పేరుకి మేత్రాసనం గ్నియెజ్నో కిందే ఉండిపోయింది. 1821లో గానీ పోపు దాన్ని విడదీసి నేరుగా రోమ్ కింద పెట్టలేదు. అంటే వాటికన్ ఆలస్యం 1945లో మొదలైంది కాదు, ఇది పాత అలవాటు!

ఇక్కడి బిషప్పులు వట్టి బిషప్పులు కూడా కాదు. నిసా అనే ప్రాంతానికి వాళ్లే ప్రభువులు. పన్నులు, కోర్టులు, కోటలు అన్నీ ఉండేవి. 1742లో ప్రష్యా సైలీషియాలో ఎక్కువ భాగం లాక్కుంటే వీళ్ల సంస్థానం రెండు ముక్కలైంది. ప్రష్యా వైపు ముక్కని 1810లో ప్రభుత్వం కలిపేసుకుంది. ఆస్ట్రియా వైపు యావోర్నిక్‌లోని కోట మాత్రం బిషప్పుల దగ్గరే మిగిలింది. ఇప్పుడది చెక్ దేశంలో ఉంది. వ్రొత్స్వాఫ్‌ను జర్మన్లు బ్రెస్లావ్ అనేవారు. 1930లో అగ్రపీఠమైన బ్రెస్లావ్‌కి చివరి జర్మన్ అగ్రపీఠాధిపతి కార్డినల్ బెర్ట్రామ్ 1945 జూలైలో చనిపోయింది ఆ కోటలోనే. ఏటా హిట్లర్‌కి పుట్టినరోజు శుభాకాంక్షలు పంపినందుకు ఆయన మీద విమర్శలున్నాయి. నా లెక్కలో అవి న్యాయమైనవే.

ఆయన పోయాక జరిగిందే గందరగోళం. వేసవిలోనే పోలండ్ కార్డినల్ హ్లోండ్ వచ్చి, పోపు ఇచ్చిన ప్రత్యేక అధికారాలున్నాయని చెప్పి, జర్మన్ల తాత్కాలిక పెద్దని తప్పుకోమన్నారు. సెప్టెంబరు 1 నుంచి పోలిష్ పాలనాధికారుల్ని పెట్టారు. ఆ అధికారాలు ఇంత దూరం వర్తిస్తాయా అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ రెండు మూడేళ్లలో జర్మన్ జనాన్ని దాదాపు అందర్నీ పంపేశారు. సోవియట్‌లో కలిసిపోయిన ల్వూఫ్ (ఇప్పుడు ఉక్రెయిన్‌లోని లివివ్) వైపు నుంచి పోల్స్ వచ్చారు. పాత సరిహద్దు మార్పుల్లో రాజు మారాడు, జనం ఉన్నారు. ఈసారి గుడిలో కూర్చునేవాళ్లే మారిపోయారు.

అయినా వాటికన్ రికార్డుల్లో బ్రెస్లావ్ జర్మనీదే! శాంతి ఒప్పందం లేకుండా సరిహద్దు ఖాయం కాదన్నది వాళ్ల వాదన. కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఇది మంచి ఆయుధమైంది. పోపు జర్మనీ వైపున్నాడని ప్రచారం చేస్తూ 1951లో ఆ పాలనాధికారుల్ని వెళ్లగొట్టింది.

నాకు బాగా నచ్చిన ఘట్టం 1965 నవంబరుది. ప్రపంచంలోని కథోలిక బిషప్పులంతా రోమ్‌లో కూడిన రెండో వాటికన్ మహాసభ ముగింపు రోజుల్లో పోలండ్ బిషప్పులు జర్మన్ బిషప్పులకి ఉత్తరం రాశారు. రాయించినవాడు వ్రొత్స్వాఫ్ బిషప్ కొమినెక్. సంతకాలు చేసినవాళ్లలో తర్వాత రెండో జాన్‌పాల్ పోపు అయిన వొయితివా కూడా ఉన్నారు. “క్షమిస్తున్నాం, క్షమించమని అడుగుతున్నాం” అన్న మాట అందులోదే. యుద్ధం అయి ఇరవై ఏళ్లే. మమ్మల్ని చంపినవాళ్లని మేం క్షమాపణ అడగడమేంటని మామూలు జనానికీ కోపమొచ్చింది, ప్రభుత్వం సరేసరి.

1970లో పశ్చిమ జర్మనీ, పోలండ్ ఈ సరిహద్దు మీద వార్సాలో ఒప్పందం చేసుకున్నాయి. అది 1972 జూన్ మొదట్లో అమల్లోకొస్తే, అదే నెల 28న ఆరో పాల్ పోపు ఆదేశం వచ్చింది. నెల కూడా పట్టలేదు. కొమినెక్ అగ్రపీఠాధిపతి అయ్యారు, మరుసటి ఏడు కార్డినల్, ఆ తర్వాతి ఏడే కన్నుమూశారు. మీరు చదివిన 1972 ఇదే.

జర్మనీ వైపు మిగిలిన భాగం ఇప్పుడు గెర్లిట్స్ మేత్రాసనం (1994). చెక్ వైపుది ఓస్త్రవా-ఓపవాలో ఉంది (1996). పోలండ్‌లోనూ లెగ్నిత్స, స్విద్నిత్స వేరుపడ్డాయి.

ఈ ఊరు వస్తే ఓస్త్రూఫ్ తుమ్స్కీ అనే పాత పేటలో బాప్తిస్మ యోహాను ప్రధానాలయం చూడండి. 1945 ముట్టడిలో చాలా భాగం కూలితే కట్టి, 1951లో మళ్లీ ప్రతిష్ఠించారు. దగ్గర్లోనే కొమినెక్ విగ్రహం, దాని మీద ఆ ఉత్తరంలోని మాట ఉంటాయి. చాలామంది టూరిస్టులు అక్కడి వంతెన మీద ఫొటోలు దిగి, ఆ విగ్రహాన్ని చూడకుండానే వెళ్లిపోతారు.