ఇంట్లో కొల్లాయిడల్ సిల్వర్ చేసుకుని తాగొచ్చా?

కొల్లాయిడల్ సిల్వర్ అంటే అతి సన్నని వెండి కణాలు కలిసిన నీళ్లు. చేయడం తేలికే, కానీ తాగకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు వెండి తీగలు పెట్టి బ్యాటరీ కలిపితే వెండి అయాన్లు నీళ్లలోకి దిగుతాయి, ఎంత దిగిందో ఇంట్లో సరిగ్గా కొలవలేం; రోజూ తాగితే అది చర్మంలో పేరుకుని, ఎండ తగిలేకొద్దీ ఒళ్లు నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, దాన్నే ఆర్జిరియా అంటారు, తాగడం మానేసినా ఆ రంగు మామూలుగా పోదు. విశాఖ కురుపాం మార్కెట్‌లో కొన్న పట్టీలనే తీగల బదులు వాడితే? పట్టీల వెండిలో గట్టిదనానికి రాగి కలుపుతారు కదా, అదీ నీళ్లలోకి వస్తుంది. వెండి క్రిముల్ని చంపుతుంది కాబట్టి తాగితే జబ్బులు తగ్గుతాయనుకోవడం పొరపాటు. కాలిన గాయాలకు రాసే సిల్వర్ సల్ఫాడయాజిన్ పైపూత మందు, తాగేది కాదు. కొల్లాయిడల్ సిల్వర్ మందులు సురక్షితమనీ పనిచేస్తాయనీ ఒప్పుకోలేమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే చెప్పేసింది.