షెడ్డు తెరిచే ముందు

ఒరే అల్లుడూ,

విశాఖలో ఉద్యోగం మానేసి రణస్థలంలో హైవే పక్కన కారు ఏసీల షెడ్డు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెట్టరా, నాదానికన్నా పెద్దదే పెట్టు. ఆ మాట విన్న సంబరం సంబరమే గానీ, రాత్రి మాత్రం కునుకు పట్టలేదు.

ఫిల్టర్ మార్చడం, కండెన్సర్ కడగడం నీకు చెప్పక్కర్లేదు. పూర్తిగా చచ్చిన ఏసీతోనూ పేచీ లేదు. వస్తూ పోతూ ఉండేదే మనిషిని తినేస్తుంది.

ఓ మే నెలలో టెక్కలి టాక్సీ ఒకటి వచ్చింది. విశాఖలో బయల్దేరితే భోగాపురం దాకా చల్లగానే ఉంటుందట, చిలకపాలెం వచ్చేసరికి వేడిగాలి. పొద్దున్నే నా దగ్గరికి తెస్తే మంచులా కొట్టేది. గ్యాసు తక్కువని తేల్చేసి పట్టాను. మళ్లీ వచ్చాడు, మళ్లీ పట్టాను. ఇలగ మూడుసార్లు. డబ్బులు పుచ్చుకున్నాక పొరపాటు నాదని ఏ ముఖంతో చెప్పను? గ్యాసు ఎక్కువై హైసైడ్‌లో, అంటే కంప్రెసర్ గ్యాసుని నొక్కి పంపే వైపు, ప్రెషర్ పెరిగి, ప్రెషర్ స్విచ్ కంప్రెసర్ని ఆపేయడం మొదలెట్టింది. ఉన్న రోగానికి నేనో రోగం అంటించానన్నమాట. కొంచెం వదిలేద్దామని ఇంజన్ నడుస్తుండగానే హైసైడ్ గొట్టం వదులు చేశాను. పక్కన టార్చి పట్టుకున్నది మీ నాన్న.

గొట్టంలో ద్రవంగా ఉండే ఆ గ్యాసు బయటికొస్తే మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. చర్మం మీద పడితే గడ్డకట్టించేస్తుంది. బావ ఎడమచేతి మీది తెల్లమచ్చ బ్యాటరీ యాసిడ్ అని కదూ నీకు చెప్పాడు? అది నా నిర్వాకం. జానెడు పైన పడుంటే కన్నే పోయేది. ఇన్నేళ్లలో ఒక్కనాడైనా నన్ను ఒక మాట అనలేదు.

చివరికి మధ్యాహ్నం రెండింటికి ఆ డ్రైవర్ పక్కన కూర్చుని బయల్దేరాను. వేడిగాలి రాగానే బానెట్ ఎత్తితే, కంప్రెసర్ని ఇంజన్‌తో కలిపే క్లచ్ వైరుకి 12 వోల్టులూ వస్తున్నాయి, కాయిల్ అయస్కాంతంలా లాగాల్సిన ప్లేటు మాత్రం కదలదు. అరిగి గ్యాప్ పెరిగింది. వేడెక్కిన కాయిల్‌కి బలం తగ్గి, ఒకసారి వదిలిన ప్లేటుని మళ్లీ లాగలేకపోతోంది. గ్యాప్ కోసం పెట్టే పల్చటి వాషర్, ఒక్క షిమ్ తీస్తే సరిపోయింది!

అందుకే పొద్దుటి చల్లదనాన్ని నమ్మకు, ఏసీ మొరాయించే వేళకే కారెక్కు. ప్లేటు తిరగట్లేదా, కరెంటు వస్తోందో లేదో చూడు. రాకపోతే క్లచ్‌కి కరెంటు వదిలే రిలే తీసి, అలాంటిదే ఇంకోటి పెట్టి చూసి, ఆ తర్వాత ప్రెషర్ స్విచ్ దగ్గరికి వెళ్లు. ప్లేటు తిరుగుతూ గాలి సన్నగిల్లితే డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మంచు కట్టినట్టు; అరగంట ఆపితే కింద నీళ్లు కారతాయి. రోడ్డు మీద చల్లగా ఉండి మడపాం టోల్‌గేటు దగ్గర ఆగగానే వేడెక్కితే ముందు ఫ్యాన్ చూడు. ఇంజన్ ఆపినా అది దానంతటదే తిరిగేస్తుంది, వేలు పెట్టావో తంతాను.

ఇంజన్ ఆపాక గేజీ చూసి గ్యాసెంతుందో చెప్పేవాణ్ణి నమ్మకు. 35 డిగ్రీల ఎండలో లోపల కొంచెం ద్రవమున్నా, నిండుగా ఉన్నా ఆర్134ఏ గ్యాసు 114 పీఎస్ఐ దగ్గరే చూపిస్తుంది. ఉన్నది మెషీన్‌తో తీసేసి, వాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేసి, బానెట్ కింది స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములుంటే అంతే తూచి పట్టు.

కళ్లద్దాలు రెండు జతలు కొన్నాను. ఒకటి నీకు, రెండోది నీకు టార్చి పట్టేవాడికి. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, మీ అత్త పనసపొట్టు కూర వండుతానంది.

మీ మావయ్య