ఈఐఏ రిపోర్టులో ఊరి పేరు కొడితే ఏమీ దొరకడం లేదా?

ఏడెనిమిది వందల పేజీల ఈఐఏ రిపోర్టులు (ప్రాజెక్టు వల్ల పర్యావరణంపై పడే ప్రభావాన్ని అంచనా వేసేవి) నాలుగున్నాయి, మా ఊరి గురించి ఏం రాశారో చూపించే సెర్చ్ ఎలా పెట్టుకోవాలి, ఏఐ చాట్ సరిపోతుందా అని అడిగారు. నాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం వైపు. ఒక గని రిపోర్టుతో ఇదే పని చేశాను.

ముందు ఓసీఆర్ చేయించండి, అంటే స్కాన్ బొమ్మలోని అక్షరాలను వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చడం. అనుబంధాల్లోని ల్యాబ్ కాగితాలు, మ్యాపులు చాలావరకు స్కాన్ బొమ్మలే, సెర్చ్‌కి అవి తెల్లకాగితాలతో సమానం. ఆ పని చేసే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్ ఉచితం. రిపోర్టు సారాంశం ఒడియాలో ఉంటుంది కాబట్టి టెసరాక్ట్‌కి ఒడియా భాష ఫైలు కూడా వేసుకోండి.

అసలు చిక్కు పేర్లతోనే. మనం పర్లాకిమిడి అంటాం, కాగితాల్లో పారలాఖెముండి. మన గెడ్డ అక్కడ నాలా. నేను మా ఊరి పేరు, ఫ్లోరైడ్ కలిపి కొడితే ఒక్క ఫలితమూ రాలేదు. మన బావి నీళ్లు పరీక్షే చేయలేదని ఊళ్లో అందరికీ చెప్పేశాను. ప్రజాభిప్రాయ సేకరణకు రెండు రోజుల ముందు ఒక్కో పేజీ తిప్పుతుంటే కనబడింది. ఒక పట్టికలో జీడబ్ల్యూ-4 (భూగర్భ జలం నమూనా తీసిన చోటుకు పెట్టిన కోడ్) ఎదురుగా మా ఊరి పేరు, అదీ వేరే స్పెల్లింగ్‌తో. ముప్పై పేజీల తర్వాత ఇంకో పట్టికలో జీడబ్ల్యూ-4 కింద ఫ్లోరైడ్ అంకె. పేరున్న చోట అంకె లేదు, అంకె ఉన్న చోట పేరు లేదు. ఇంటింటికీ వెళ్లి నా మాట సరిదిద్దుకున్నాను. ఆ టెన్షన్ ఇంకొకరికి వద్దనే ఇదంతా రాస్తున్నాను.

అందుకే ఇండెక్స్ చేసేముందు, అంటే రిపోర్టును ముక్కలుగా సెర్చ్‌లోకి ఎక్కించేముందు, ప్రతి కోడ్ పక్కన ఊరి పేరు, దాని అన్ని స్పెల్లింగులూ చేర్చండి. పట్టికను మధ్యలో ముక్కలు చేయొద్దు. తప్పదంటే ప్రతి వరుసకూ పై శీర్షికలు మళ్లీ అతికించండి. పేర్ల జాబితా మాత్రం కంప్యూటర్ ఇవ్వదు. పెద్దవాళ్లతో, కుయి భాష మాట్లాడేవాళ్లతో ఒక సాయంత్రం కూర్చోవాలి.

సెర్చ్‌కి బీఎం25తో మొదలుపెట్టండి, అది మనం కొట్టిన పదాలనే వెతికే పద్ధతి. కోడ్‌లు, సర్వే నంబర్లు ఉన్నవి ఉన్నట్టు పట్టేది అదే. మాటల అర్థాన్ని బట్టి వెతికే ఎంబెడింగ్స్‌కి జీడబ్ల్యూ-4, జీడబ్ల్యూ-6 దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కానీ మనం దుమ్ము అని అడిగితే రిపోర్టులో ఫ్యుజిటివ్ ఎమిషన్స్ అని రాసినచోటికి తీసుకెళ్లేది ఎంబెడింగ్సే. రెండు ఫలితాలనూ ర్యాంకుల ప్రకారం కలపండి.

ఏఐ చాట్ పెట్టుకోండి, కానీ ప్రతి జవాబుకీ పీడీఎఫ్ పేజీ నంబర్ చూపించాలి. ఆ పేజీ తెరిచి కళ్లతో చూడందే నమ్మొద్దు. మీటింగులో అధికారి అడిగే మొదటి ప్రశ్న "ఏ పేజీలో ఉంది?" అనే. చాట్ "లేదు" అంటే పట్టికలు మీరే తిప్పి చూడండి.

2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మీ చేతిలో ఉండే సమయం దాదాపు అంతే. నాలుగింటిలో తేదీ దగ్గరపడిన రిపోర్టు తీసుకుని, దాని నీటి పట్టికలతో మొదలుపెట్టండి.