గోడను రుద్ది చూడకుండా బొమ్మ మొదలెట్టకు

తమ్ముడూ,

ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి దాకా ఊరూరా గోడలమీద బొమ్మలు వేసే చిత్రకారుడి గురించి నువ్వు మొదలుపెట్టిన నవల అందింది. వాక్యం బాగా నడుస్తోంది. కానీ నీ మనిషి ఊళ్లో దిగుతూనే కుంచె పట్టుకున్నాడు. ఈ పనిలో సగం, కుంచె పట్టకముందే ఉంటుంది. ఆ సగం రాయకపోతే అతని బతుకు నీ పేజీల్లోకి రాదు.

ముందు అతనిచేత గోడను అరచేత్తో రుద్దించు. చెయ్యి తెల్లబడితే అది పాత సున్నం. దానిమీద ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడరంగు) వేస్తే రంగు సున్నాన్నే పట్టుకుంటుంది, సున్నం గోడను వదిలేస్తుంది, నాలుగు వానలకి పెచ్చులుగా లేచిపోతుంది. వైరు బ్రష్షుతో గీకి, కడిగి, బాగా ఆరాక ప్రైమరు (అడుగు పూత) కొట్టాలి. కొత్త ప్లాస్టరింగైతే కనీసం నెల ఆగాలి. తర్వాత వేళ్లతో తట్టించు. బోలుగా మోగినచోట ప్లాస్టరింగు లోపల ఊడిపోయి ఉంటుంది. అది రాలగొట్టి సిమెంటుతో పూడ్చాక గాని లప్పం (నునుపు కోసం పూసే పుట్టీ) పెట్టకూడదు.

ఇక చెమ్మ. మూరెడు ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి మర్నాడు తీస్తే, లోపల నీటి బొట్లు కనిపించాయంటే ఆ గోడకి ఇంకా రంగు వేసే వేళ కాలేదు. సముద్రతీరపు కవిటి, సోంపేట వైపు ఉప్పు బాధ కూడా ఉంటుంది. ఆ ఉప్పు నేల చెమ్మతోపాటు పైకెక్కి గోడమీద తెల్లని పొడిలా పూస్తుంది. దాన్ని పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లు పోస్తే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. అందుకే అనుభవజ్ఞులు కింది రెండడుగుల్లో ముఖాలు, అక్షరాలు పెట్టరు. జేగురు రంగు పట్టీ లాగి వదిలేస్తారు. వానకి ఎగిరే బురద చుక్కలు అందులో కలిసిపోతాయి, పాడైతే ఆ పట్టీ ఒక్కటే మళ్లీ వేసుకోవచ్చు.

సరుకు లెక్క కూడా రాయి, బేరం సన్నివేశం దానిమీదే నిలబడుతుంది. 20 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడంటే 160 చదరపు అడుగులు. నున్నని గోడమీద లీటరు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలకి యాభై చదరపు అడుగుల చిల్లర వస్తుంది. అంటే ఒట్టి నేపథ్యానికే దాదాపు మూడు లీటర్లు. ముదురు రంగు కావాలని తెల్ల రంగులో స్టెయినర్ (రంగు కలపడానికి వాడే చిక్కని ద్రవం) గుమ్మరిస్తే అది సరిగ్గా ఆరదు, వానకి కారుతుంది. మోతాదు దాటకూడదు. ముదురు రంగు డబ్బా విడిగా కొనాల్సిందే. మిలమిలలాడే ఎరుపులు, పసుపులు చాలామటుకు ఎండకి వెలిసిపోతాయి, జేగురు జాతి రంగులు నిలుస్తాయి.

ఇక బొమ్మను గోడకి పెంచడం. కాగితంమీద అంగుళం గోడమీద అడుగు. రంగుపొడి అద్దిన దారాన్ని ఇద్దరు చెరో కొసా బిగించి పట్టి, మధ్యలో లాగి విడిస్తే గీత పడుతుంది. అలా చదరాలు వేసుకుని, కాగితంమీది ఒక్కో చదరంలో ఉన్నదాన్ని గోడకెక్కించాలి.

నీ చిత్రకారుడు పడమటి గోడమీద మిట్టమధ్యాహ్నం దాటాక పనిచేస్తున్నాడు. అది కుదరదు. కాలిన గోడమీద రంగు చప్పున ఆరిపోయి అతుకు గీతలు తేలతాయి. పడమటి గోడకి పొద్దున, తూర్పు గోడకి మధ్యాహ్నం. అతని రోజంతా నీడ వెంటే నడుస్తుంది.

బడి గోడ అధ్యాయం నాకు బాగా నచ్చింది. అక్కడ పిల్లల చేతులకి అందే నాలుగడుగుల లోపు భాగం వాళ్లకి వదిలిపెట్టు. పెద్దవాళ్లు గీతలు గీసి లోపల అంకెలు వేస్తారు, పిల్లలు ఆ అంకె ఉన్న కప్పులోని రంగు నింపుతారు, అంచులు చివర్లో పెద్దవాళ్లే దిద్దుతారు. ఎవరి అటకమీదో మిగిలిన పాత ఎనామెల్ (నూనె రంగు) డబ్బా మాత్రం తెప్పించకు. రంగుల్లో సీసం (లెడ్) అనే విష లోహానికి 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతుల, పరిమితి మన దగ్గర 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు డబ్బాల్లో ఏముందో ఎవరికి తెలుసు? పాత రంగును పిల్లల ముందు గరుకు కాగితంతో పొడిగా రుద్దడమూ తప్పే.

పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసినా ఇళ్లలో తెలుగు పోలేదు. ఆంధ్ర వైపు పాతపట్నం పక్కనే ఉంది. పర్లాకిమిడి గోడకి తెలుగు, ఒడియా రెండు లిపులూ కావాలి. రాని లిపిని చూసి గీస్తే గుణింతం జారుతుంది, ఊరంతా ఏళ్లతరబడి ఆ తప్పే చదువుతుంది. ఒడియా చదువుకున్నవాళ్లచేత ముందు కాగితంమీద రాయించుకోవాలి. పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం లెక్క.

చివరిగా, నీ మూడో అధ్యాయం. గజపతి, రాయగడ కొండల్లో సవర గిరిజనులు ఇంటి గోడమీద వేసే ఇడితల్ బొమ్మలు చూసి, అవే మనుషుల్ని, అవే గుర్రాల్ని అతను బస్టాండు గోడమీద అలంకారంగా వేసేస్తాడు. ఎర్రమట్టి పూసిన ఇంటి గోడమీద బియ్యప్పిండి ముద్దతో వేసే ఆ బొమ్మ పితరుల కోసం, దేవతల కోసం. జబ్బు తగ్గాలని, పంట పండాలని వేస్తారు. ఒక్కో బొమ్మ ఒకరి పేరునే ఉంటుంది. దాన్ని తెచ్చి టికెట్ కౌంటరు పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. నవలలో పెట్టొద్దని అనను, కానీ అతను ఊరి పెద్దల్ని అడిగాడా, వాళ్లేమన్నారు, కూలి ఎవరికి దక్కింది? ఈ మూడూ తేల్చుకుని ఆ అధ్యాయం తిరగరాసి పంపు.