పెద్దోడి ఆట సరే, ముందు చిన్నోణ్ని చూపించండి

ప్రశ్న: మా పెద్దబాబుకు నాలుగేళ్లు, ఎల్‌కేజీ. పలక పట్టమంటే పట్టడు. దిండ్లు వరసగా పేర్చి ఆర్టీసీ బస్సంటాడు, నాకు టికెట్ కొడతాడు, తనలో తనే మాట్లాడుకుంటాడు. మెడికల్ షాపులో అడిగి రెండు నెలలుగా మెమరీ సిరప్ పోస్తున్నాం, మార్పు లేదు. డోసు పెంచమంటారా? చిన్నవాడికి 22 నెలలు, వాడితో ఏ గొడవా లేదు. ఫోన్ ఇస్తే గంటలకొద్దీ కూర్చుంటాడు, పిలిచినా తలెత్తడు.
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ సిరప్ ఆపండమ్మా. డాక్టరు రాయని మందు రెండు నెలలు ఎలా పోశారు? సీసా మాత్రం పారేయకండి, డాక్టర్‌కు చూపించండి.

పెద్దబాబు గురించి మీరు రాసినవన్నీ ఆ వయసుకు తగ్గవే. దిండును బస్సు అనుకోవాలంటే కంటికి కనిపించేదాన్ని పక్కనపెట్టి మనసులో ఉన్నదాన్ని పట్టుకోవాలి. రేపు ‘అ’ అనే గీతల వెనక ఒక శబ్దం ఉందని గ్రహించడానికీ ఈ శక్తే కావాలి. కండక్టర్ అయ్యాక వాడు సీట్లో కూర్చోడు చూడండి, టికెట్లు కొట్టాలి కాబట్టి నిలబడే ఉంటాడు. మనసును అదుపులో పెట్టుకోవడం అలాగే అలవాటవుతుంది. తనలో తను మాట్లాడుకోవడమూ ఈ వయసులో మామూలే.

నాకు టెన్షన్ పెట్టింది మీరు చివర్లో చిన్నవాడి గురించి రాసిన మాట. ఏడాదిన్నరకల్లా చాలామంది పిల్లలు చీపురు పట్టుకుని అమ్మలా ఊడుస్తారు, ఖాళీ గ్లాసు ఎత్తి తాగినట్టు నటిస్తారు, కావలసింది వేలితో చూపిస్తారు. పేరు పెట్టి పిలిస్తే తిరగడం అంతకు ముందే వస్తుంది. ఓపీలో నేను పిల్లలకు ఒక బొమ్మ, ఖాళీ కప్పు ఇచ్చి చూస్తుంటాను. కొందరు బొమ్మ నోటికి కప్పు అందిస్తారు. కొందరు బొమ్మ వైపు చూడకుండా కప్పును గిరగిరా తిప్పుతూ ఉండిపోతారు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఉత్తరం చూసి ఆటిజం (నలుగురితో కలవడం, మాట, ఆట వేరుగా ఉండే ఎదుగుదల సమస్య) అని ఎవరూ తేల్చలేరు. వినికిడి లోపం ఉండొచ్చు, ఫోన్ ధ్యాసే కావచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. కానీ పరీక్ష చేయించాలి. ముందు వినికిడి, తర్వాత ఎం-చాట్. ఇది 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం సూచనలు ఉన్నాయేమో చూసే 20 ప్రశ్నల పట్టిక. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీల్లో, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి చూసే ప్రభుత్వ కేంద్రాల్లో, ఉచితంగా చూస్తారు. ‘మగపిల్లాడు కదా, మాట ఆలస్యంగానే వస్తుంది’ అని పెద్దవాళ్లు అన్నారని మూడున్నరేళ్లకు తీసుకొచ్చేవాళ్లను తరచూ చూస్తుంటాను. చిన్న వయసులో థెరపీ మొదలుపెడితే దక్కే మేలు అప్పటికి కొంత చేజారి ఉంటుంది. మీరు ఈ వారంలోనే వెళ్లండి.

రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్ అసలు వద్దు. సాయంత్రం అన్న బస్సులో తమ్ముణ్నీ ఎక్కించండి, పక్కన మీరూ కూర్చోండి. టికెట్ ఇస్తే చెయ్యి చాస్తాడా, అన్న ముఖం చూస్తాడా, బస్సు కదిలినట్టు తనూ ఊగుతాడా గమనించండి. చూసింది చూసినట్టు డాక్టర్‌కు చెప్పండి.