పాచికలతో పాఠం చెబితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఈడీ రెండో సంవత్సరం, మెథడాలజీ సోషల్. ఆదివారం వస్తే స్నేహితులతో కూర్చుని ఏదో కథ చెప్పుకుంటూ పాచికలు వేస్తుంది. రేపు బడిలో పాఠాలు కూడా ఇట్లనే చెప్తానంటోంది. డీఎస్సీకి చదవాల్సిన టైమ్‌లో ఈ ఆటలేంటని మాకు టెన్షన్. దీనికి కెరీర్ ఉందా, సార్?
– ఒక తండ్రి, కాజీపేట

జవాబు: మీ అమ్మాయి ఆడేది రోల్-ప్లేయింగ్ గేమ్, అంటే తలా ఒక పాత్ర వేసుకుని కథ నడిపే ఆట. ఆ పేరుతో మన దగ్గర ఉద్యోగం లేదండీ. డీఎస్సీలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 టెట్ వెయిటేజీకి. ఆటకు ఒక్క మార్కూ రాదు. టెట్ పేపర్-2, డీఎస్సీ చదువు ఆగొద్దన్న మీ మాట నిజమే. అయితే అమ్మాయి చేస్తున్నది ఉత్త కాలక్షేపం మాత్రం కాదు.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ రకం ఆటలు పేరుకొచ్చాయి. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ‘నువ్వయితే ఇప్పుడేం చేస్తావు?’ అన్నదే ఆట. డెన్మార్క్‌లో ఓస్టర్‌స్కోవ్ అనే రెసిడెన్షియల్ స్కూల్ 2006 నుంచి పిల్లలతో పాత్రలు వేయించే పాఠాలు చెబుతోంది (అక్కడ బల్ల చుట్టూ కూర్చోవడం కన్నా లేచి నటించడమే ఎక్కువ).

కాకతీయుల పాఠమే తీసుకోండి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు రాజులు లాక్కునేవారు. ఈయన అది మాన్పించి, సుంకం మాత్రమే తీసుకుంటామన్నాడు. ఎగుమతి, దిగుమతులపై ముప్పయ్యో వంతు. పుస్తకంలో ఇది రెండు లైన్లు. క్లాసులో ఒక గుంపును ఓడ పోగొట్టుకున్న వర్తకులను, ఇంకో గుంపును రేవు అధికారులను, మూడో గుంపును ఓరుగల్లు కొలువును చేసి చూడండి. సరుకు మొత్తం లాక్కుంటే ఖజానాకు ఈ ఏడు లాభమే, మరి వచ్చే ఏడు ఓడలు వస్తాయా? 300 బస్తాల మిరియాలకు సుంకమెంత? రాజు ఎందుకు దిగొచ్చాడో పిల్లలే వాదించి తేలుస్తారు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అన్నీ పాచికకే వదిలేస్తే పిల్లలకు అదృష్టం గుర్తుంటుంది, పాఠం గుర్తుండదు. తుపాను వచ్చిందా లేదా అన్నది పాచిక చెప్పాలి. తర్వాత ఏం చేయాలన్నది పాఠం చదివినవాడికే తోచాలి. ఈ తేడా మీ అమ్మాయికి తెలుసా అని అడగండి. తెలిస్తే ఆమెలో మంచి టీచర్ ఉంది.

ఇంకో చిక్కు, ఈ ఆట నలుగురైదుగురికి. క్లాసులో నలభై మంది, పీరియడ్ నలభై ఐదు నిమిషాలు. కాబట్టి ఒక్కో గుంపుకు ఒక్కో పాత్ర ఇవ్వాలి, గుంపు తరఫున మాట్లాడేవాళ్లు మారుతుండాలి. రోజూ కుదరదు, నెలకో పాఠం చాలు. ఈ ఆటలకు వాడే ఇరవై ముఖాల పాచికలు కొననక్కర్లేదు. అష్టాచెమ్మాకు అరగదీసిన నాలుగు చింతగింజలు సరిపోతాయి. లెక్కప్రకారం రెండు తెల్లగా పడే అవకాశం 16లో 6. నిజంగా వేసి రాసుకుంటే అంత పడవు, ఎందుకంటే గింజకు రెండు వైపులూ ఒకేలా ఉండవు. లెక్కల టీచర్‌కు సంభావ్యత పాఠం అక్కడే దొరుకుతుంది.

ఉద్యోగం సంగతికొస్తే, ఇది పనికొచ్చేది ప్రైవేటు, ఇంటర్నేషనల్ స్కూళ్ల డెమో క్లాసులో. ఇప్పుడు స్కూల్ ఇంటర్న్‌షిప్‌లో గైడ్ టీచర్‌ను అడిగి ఒక్క పాఠం ఇలా చెప్పమనండి. లెసన్ ప్లాన్, పిల్లలు రాసిన జవాబులు, తర్వాత పెట్టిన చిన్న పరీక్ష మార్కులు ఫైల్‌లో పెట్టుకోవాలి. జాతీయ విద్యా విధానం 2020 కథల ద్వారా బోధనను ప్రస్తావించింది, ప్లాన్‌లో ఆ మాట రాస్తే హెడ్‌మాస్టర్‌ను ఒప్పించడం తేలిక. ఆటలు తయారుచేయడమే ఇష్టమైతే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో టాయ్ అండ్ గేమ్ డిజైన్‌లో ఎండెస్ (డిజైన్ పీజీ) ఉంది. ఎంట్రన్స్ గట్టిది, అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. నా మాటడిగితే, ముందు టెట్ గట్టెక్కి రెండేళ్లు పిల్లల మధ్య పనిచేశాక ఆలోచించమనండి.