చక్రం నేల తాకగానే లింకు విడిపోతోంది

ప్రశ్న: ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్ కోసం, 3డి బొమ్మలు గీసే బ్లెండర్‌లో చిన్న విమానం తయారు చేస్తున్నాను. ల్యాండింగ్ గేర్ స్ట్రట్ (చక్రాన్ని మోసే, కుంగే కాలు) ముందు కత్తెరలా ముడుచుకునే రెండు టార్క్ లింకులకు రొటేట్ యానిమేషన్ పెట్టాను. స్ట్రట్ పూర్తిగా సాగినప్పుడు, పూర్తిగా కుంగినప్పుడు లింకులు కలుస్తున్నాయి. మధ్యలో మాత్రం రెండిటినీ కలిపే పిన్ను దగ్గర విడిపోతున్నాయి. ఫ్యాక్టర్ ఎంత మార్చినా అంతే. ఏం చేయాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఫ్యాక్టర్ జోలికి ఇక వెళ్లకండి. దానికి తెలిసింది గుణకారం ఒక్కటే. మీ లింకు తిరిగేది కొసైన్ లెక్కన. పై లింకు పైకొస పిన్నుకూ కింది లింకు కిందికొస పిన్నుకూ మధ్య దూరాన్ని లింకు పొడవుకు రెట్టింపుతో భాగించండి. నిలువు నుంచి లింకు వాలిన కోణానికి అదే కొసైన్.

లింకు ఒక్కోటి 20 సెం.మీ., ఆ దూరం 36 నుంచి 24కు తగ్గుతుందనుకుందాం. కోణం 25.8 డిగ్రీల నుంచి 53.1కి పెరుగుతుంది. సగం కుంగినప్పుడు 41.4 ఉండాలి, ఫ్యాక్టర్ 39.5 దగ్గర ఆపుతుంది. రెండు డిగ్రీలే కదా అనకండి, పిన్ను దగ్గర అది దాదాపు 9 మి.మీ. తేడా!

యానిమేషన్ రాసిన ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఫ్యాక్టర్ తీసేసి ఎక్స్‌ప్రెషన్ (లెక్క సూత్రం) పెట్టండి. కుంగిన పొడవును 36 నుంచి తీసేసి, 40తో భాగించి, దానికి ఏకాస్ (కొసైన్ నుంచి కోణం తీసే ఫంక్షన్) కట్టాలి. జవాబు రేడియన్లలో వస్తుంది, రొటేట్‌కు కావలసింది డిగ్రీలు. అందుకే బయట ఇంకో పొరగా రాడ్‌2డెగ్ తప్పనిసరి. ఏకాస్‌కు ముందు క్లిప్‌తో 0.6, 0.9 హద్దులు పెట్టండి. విలువ 1 దాటిందంటే ఏకాస్‌కు జవాబే ఉండదు.

కుంగిన పొడవు ఇచ్చే ప్రాపర్టీ కంప్రెషన్-నార్మ్. పేరులో నార్మ్ ఉంది కదా అని నమ్మేయకండి. ఫ్లైట్‌గేర్‌లో విమానం కదలికల్ని లెక్కగట్టే ఇంజన్లు యాసిమ్, జేఎస్‌బీసిమ్. యాసిమ్ విమానాల్లో అది 0 నుంచి 1 వరకే, కాబట్టి 12తో గుణించాలి. జేఎస్‌బీసిమ్‌లో మాత్రం అక్కడ వచ్చేది అడుగుల్లో పొడవు, అంటే 30.48తో గుణించాలి. మీది ఏదో అనుమానముంటే డీబగ్ మెనూలో ప్రాపర్టీలు తెరిచి, విమానం రన్‌వే మీద నిలబడి ఉండగా ఆ అంకె చూడండి.

ఇంటర్‌పొలేషన్ టేబుల్ (కొన్ని విలువలిచ్చి మధ్యవి అంచనా కట్టించే పట్టిక) వేసుకోమని కొందరు చెబుతారు. పనిచేస్తుంది, కాదనను. కానీ లింకు పొడవు మార్చిన ప్రతిసారీ టేబుల్ మళ్లీ కట్టే ఓపిక నాకైతే లేదు.

కింది లింకుకూ ఇదే ఎక్స్‌ప్రెషన్, యాక్సిస్ మాత్రం తిరగేయండి. అది స్ట్రట్‌తో పాటు పైకీ కదలాలి. బ్లెండర్‌లో రెండు లింకుల్నీ నిలువుగానే గీయండి. సాగిన భంగిమలో ఇప్పటికే గీసేసి ఉంటే, వచ్చిన కోణంలోంచి 25.8 తీసేస్తే సరి.